స్టైల్ ఏమీ లేని పాత హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు ఫోన్‌లో చదవడానికి అవ్వట్లేదు, ఏం చెయ్యాలి?

ఉక్కునగరం_ఫిజిక్స్:
కూర్మన్నపాలెంలో ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. నోట్సంతా ఎప్పట్నుంచో నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్‌గా, అంటే వెబ్‌పేజీలు రాసే భాషలో, టైప్ చేసి పెట్టుకున్నా, రంగులూ గింగులూ ఏమీ లేవు, హెడ్డింగు, పేరా, అక్కడక్కడా టేబులు అంతే. కంప్యూటర్లో శుభ్రంగా ఉంటుంది. పిల్లలేమో బస్సులో మద్దిలపాలెం పోతూ ఫోన్‌లో చూస్తారు, అందులో అక్షరాలు చీమల్లా ఉంటాయి, వేళ్లతో పెద్దది చేస్తే లైను పక్కకి పోతుంది. ఇంకో వింత, ఒకే పేజీలో కొన్ని పేరాలు పెద్దక్షరాలు, కొన్ని చిన్నవి, నేనైతే సైజు ఎక్కడా ఇవ్వలేదు. ఒకాయన్ని అడిగితే సైటంతా మళ్లీ కట్టాలన్నాడు, అంత ఓపిక లేదు బాబూ. చిన్న మార్గం ఏటన్నా ఉందా?

సీతమ్మధార_కోడర్:
మళ్లీ కట్టక్కర్లేదు మాస్టారూ. ఫైల్ మొదట్లో ఉండే హెడ్ లోపల, పేజీని ఎంత వెడల్పున పరచాలో బ్రౌజర్‌కి చెప్పే మెటా వ్యూపోర్ట్ లైను లేనట్టుంది. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఇదేదో కంప్యూటర్ కోసం రాసిన పేజీ అనుకుని 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, మొత్తాన్ని స్క్రీన్‌లోకి కుదించేస్తుంది. 360 వెడల్పు ఫోన్లో 16 పిక్సెళ్ల అక్షరం 6 దగ్గరికి పడిపోద్ది. 2007లో ఐఫోన్ వచ్చేసరికి సైట్లన్నీ కంప్యూటర్‌కే రాసుండేవి కదా, అందుకని ఆపిల్ వాళ్లు పెట్టిన ఏర్పాటు. ఇక క్రోమ్ ఏమో, ఇంత చిన్నవి ఎలా చదువుతారులే అని పొడుగు పేరాల్ని తనే పెద్దవి చేసేసి పొట్టివాటిని వదిలేస్తుంది, మీ వింత అదే.

మెటా ట్యాగ్‌లో నేమ్ దగ్గర వ్యూపోర్ట్, కంటెంట్ దగ్గర విడ్త్=డివైస్-విడ్త్, కామా, ఇనీషియల్-స్కేల్=1. కొందరు యూజర్-స్కేలబుల్=నో కూడా తగిలిస్తారు, అది మాత్రం వద్దు, డయాగ్రం పెద్దది చేసుకుని చూడాలిగా పిల్లలు.

బీచ్‌రోడ్_రీడర్:
నోట్సు తెలుగులో అయితే ఆ ఒక్క లైనుతో అయిపోదండీ. లైన్-హైట్, అంటే లైన్ల మధ్య ఎడం, కాస్త ఎక్కువ ఇవ్వకపోతే పై లైను ఒత్తులూ కింది లైను గుడులూ ఇరుకిరుగ్గా కనిపిస్తాయి. పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లో బాడీకి లైన్-హైట్ 1.7, ప్యాడింగ్ (చుట్టూ ఖాళీ) 1ఈఎమ్, మ్యాక్స్-విడ్త్ 38ఈఎమ్ ఇవ్వండి (ఈఎమ్ అంటే అక్షరం సైజుని బట్టి ఉండే కొలత), కంప్యూటర్లో కూడా లైను మరీ సాగకుండా ఉంటుంది. లైన్ల రెండంచులూ సమం చేసే జస్టిఫై జోలికి పోకండి, పుస్తకంలో అందంగా ఉంటుంది గానీ ఫోన్లో "విద్యుదయస్కాంత తరంగాలు" వచ్చిందనుకోండి, లైనుకి ఆ రెండు మాటలే పట్టి మధ్యలో పెద్ద గొయ్యి.

ఉక్కునగరం_ఫిజిక్స్:
పేరాలు బ్రహ్మాండంగా వచ్చాయి! కానీ ప్రమాణాల టేబులూ, స్కాన్ చేసి పెట్టిన బొమ్మలూ స్క్రీన్ దాటి బయటికి పోతున్నాయి, వాటివల్ల పేజీ మొత్తం పక్కకి జరుగుతోంది.

సీతమ్మధార_కోడర్:
బొమ్మలకి మ్యాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో. టేబుల్‌ని ఒక డివ్‌లో, అంటే ఉత్త డబ్బాలాంటి ట్యాగ్‌లో, పెట్టి ఆ డివ్‌కి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇస్తే టేబుల్ ఒక్కటే జరుగుతుంది, పేజీ కదలదు. స్పేసుల్ని ఉన్నవున్నట్టు చూపించే ప్రీ ట్యాగ్‌లో స్పేసులు కొట్టి భిన్నాలు రాసుంటే వాటికీ ఇదే ఇవ్వండి, పొడుగు లైన్లని మడిచే ప్రీ-ర్యాప్ పెట్టారంటే లైను విరిగి లవం ఒకచోట హారం ఇంకోచోట పడతాయి.

ఇవన్నీ ఒక సీఎస్‌ఎస్ ఫైల్‌లో రాసుకోండి. నోట్‌ప్యాడ్++ ఉంటే ఫైండ్ ఇన్ ఫైల్స్‌లో హెడ్ క్లోజింగ్ ట్యాగ్ వెతికి, దాని ముందు వ్యూపోర్ట్ లైనూ సీఎస్‌ఎస్ లింకూ వచ్చేట్టు రీప్లేస్ కొట్టండి, ఫోల్డర్లో ఉన్న పేజీలన్నిటికీ ఒక్క దెబ్బకి పడతాయి. కొట్టేముందు ఫోల్డర్ కాపీ ఒకటి తీసి పక్కన పెట్టుకోండి మాస్టారూ, అక్కడ అండూ పనిచెయ్యదు.