ప్రదర్శనకు ఇచ్చేది అప్పా, ఎరవా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1935 నవంబరు నుంచి 1936 మార్చి దాకా లండన్‌లో, రాయల్ అకాడమీ వాళ్ళ బర్లింగ్టన్ హౌస్‌లో, చైనా కళల అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. 3,000కు పైగా వస్తువులు పెట్టారు. 4 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. చైనా రాజప్రాసాద మ్యూజియం ఒక్కటే 735 వస్తువులు పంపింది. అమ్మలేదు, కానుకగా ఇవ్వలేదు, చూపించి తిరిగి పంపమని ఇచ్చింది. దీన్ని తెలుగులో ఏమనాలి? "రుణం" అంటే బ్యాంకు గుర్తొస్తోంది. "అప్పు ఇచ్చింది" అని రాస్తే మా అబ్బాయి "వడ్డీ ఎంత?" అని అడిగాడు. "తాత్కాలికంగా అందజేసింది" అంటే ఆఫీసు కాగితంలా ఉంది. దయచేసి ఒక మంచి మాట చెప్పండి.

జవాబు:
అమ్మా, మాట మన ఇళ్ళలోనే ఉంది. ఎరవు. పెళ్ళికి వెళ్తూ పక్కింటి వాళ్ళ కాసుల పేరు తెచ్చుకోవడం ఎరవు. అప్పుకూ దీనికీ తేడా చాలా స్పష్టం. అప్పు తెచ్చిన బియ్యం వండుకుని తినేస్తాం, తర్వాత అంతే కొలత వేరే బియ్యం ఇస్తాం. ఎరవు తెచ్చిన కాసుల పేరు అలా కుదరదు, ఏది తెచ్చామో అదే తిరిగి ఇవ్వాలి. కొట్లో "అరువు లేదు" అని బోర్డు పెడతారే, ఆ అరువు డబ్బు తర్వాత ఇస్తానని సరుకు తెచ్చుకోవడం. చేబదులు నాలుగు రోజుల్లో తీర్చే చిన్న మొత్తం. మ్యూజియం చేసే పని వీటిలో ఏదీ కాదు, అచ్చంగా ఎరవే.

సామెత మీకు తెలిసే ఉంటుంది: "ఎరవు సొమ్ము బరువు చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు." ఇక్కడ సొమ్ము అంటే నగ, డబ్బు కాదు. తీపులంటే నొప్పులు, "ఒళ్ళు తీపులు" అంటామే, అవి. నాకు ఇష్టమైనది చివరి ముక్క. నగ భద్రంగా ఉన్నంతసేపూ అది ఎరవు, పోయిందంటే ఆ క్షణం నుంచి అప్పు. రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో సామెతే చూపించింది. ఇంతకంటే మంచి నిర్వచనం నేనింతవరకు చూడలేదు.

హోసూరు నుంచి:
మాస్టారూ, మా వైపు తమిళంలో ఇరవల్ అంటారు, కన్నడంలో ఎరవు, ఎరవలు. మూడూ ఒక్క కుదురువే. చిక్కల్లా ఏమిటంటే, ఇప్పుడు చాలామంది దీన్నీ "ఎరువు" అనే పలుకుతున్నారు, అలాగే రాస్తున్నారు. పిల్లలు "చైనా ఎరువు ఇచ్చింది" అని చదివితే యూరియా బస్తా అనుకుంటారు. "ర"కు కొమ్ము లేకుండా జాగ్రత్తగా అచ్చు వేయించండి. మొదటిసారి వాడినప్పుడు "చూపించి తిరిగి ఇచ్చేలా" అని పక్కన ఒక ముక్క చేర్చండి.

ఇంకో సంగతి. చైనీయుల భాషలో ఎరవు ఇవ్వడానికీ, ఎరవు తెచ్చుకోవడానికీ "జియె" అని ఒకటే మాట. మనకూ ఎరవు ఒకటే, ఇవ్వడమో తేవడమో క్రియ చెబుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ సామెత చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకంటే ఈ ప్రదర్శన కథంతా అదే. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించుకుంది. బ్రిటన్ ప్రజల సానుభూతి చైనాకు చాలా అవసరమైన సమయం అది. అందుకే ఇంత దూరం పంపడానికి అప్పట్లో నాన్‌జింగ్ రాజధానిగా ఉన్న చైనా ప్రభుత్వం ఒప్పుకుంది. కానీ 1935 మొదట్లోనే చైనా పండితులు కొందరు బహిరంగ లేఖ రాసి వద్దన్నారు. ఎంపిక సంఘంలో పాల్ పెలియో ఉన్నాడు. వాయవ్య చైనాలోని డున్‌హువాంగ్ బౌద్ధ గుహల నుంచి 1908లో పాత వ్రాతప్రతులు పట్టుకెళ్ళిన ఫ్రెంచి పండితుడు ఆయనే. అలాంటి మనిషి మన ఇంట్లో నగలు ఏరడమా అని వాళ్ళ బాధ. ఆ బాధ న్యాయమైనదని నేను అనుకుంటున్నాను.

బీమా కూడా చేయించలేదు. 93 పెట్టెల్లో సర్ది, సఫక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద పంపారు. పంపేముందు షాంఘైలో జనానికి చూపించారు, తిరిగొచ్చాక నాన్‌జింగ్‌లో మళ్ళీ చూపించారు. తిరుగు ప్రయాణంలో రాన్‌పురా అనే ఓడ జిబ్రాల్టర్ దగ్గర గాలివానకు ఒడ్డెక్కి కూరుకుపోయింది. అదృష్టం, సొమ్ము దక్కింది. లేకపోతే "అందులో ఒకటి పోతే" అన్నది నిజమయ్యేది.

జవాబు:
అమ్మా, మీరు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఎరవు అనే మాటలో "సొంతదారు ఎవరు" అన్నది దాగి ఉంటుంది. ఎరవు పుచ్చుకున్నామంటే, అది వాళ్ళదేనని నలుగురిలో ఒప్పుకున్నట్టే. దేశాల మధ్య దౌత్యం దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్ద విషయం అవుతుంది. ఆ రాజప్రాసాద సంపదలో మేలైన భాగం, చైనా అంతర్యుద్ధం చివర కమ్యూనిస్టుల చేతిలో ఓడిన ప్రభుత్వంతో పాటు తైవాన్ చేరింది. తైపేలోని జాతీయ రాజప్రాసాద మ్యూజియం వాటిని బయటికి పంపాలంటే, అవతలి దేశంలో కోర్టులు జప్తు చేయవని చట్టం హామీ అడుగుతుంది. అవి మావే అని బీజింగ్ అంటుంది కదా. జపాన్ 2011లో అలాంటి చట్టం చేశాకే 2014లో టోక్యో ప్రదర్శన కుదిరింది. పచ్చరాయిలో చెక్కిన ఆ ప్రసిద్ధమైన క్యాబేజీ కూడా వెళ్ళింది, రెండు వారాల పాటు.

అప్పుడు గొడవ వచ్చింది ఒక్క మాట దగ్గరే. కొన్ని పోస్టర్లలో మ్యూజియం పేరులోని "జాతీయ" అన్న మాట వదిలేశారు. ఆ మాట తీసేస్తే తమను దేశంగా లెక్కచేయనట్టేనని తైవాన్ ప్రదర్శనే ఆపేస్తామంది. పోస్టర్లు సరిచేశాకే తలుపులు తెరుచుకున్నాయి. మీరు ఒక్క మాట కోసం ఇంత వెతకడం వృథా శ్రమ అని ఎవరైనా అంటే, ఇది చెప్పండి.

ప్రశ్న వేసినవారు:
తప్పకుండా, మాస్టారూ. వాక్యం ఇలా పెట్టాను, చూడండి: "చైనా రాజప్రాసాద మ్యూజియం, చూపించి తిరిగి ఇచ్చేలా, 735 వస్తువుల్ని లండన్‌కు ఎరవిచ్చింది." మా అబ్బాయికి చదివి వినిపిస్తే ఈసారి వడ్డీ గురించి అడగలేదు. "అన్నీ తిరిగి వచ్చాయా?" అన్నాడు.