జేబు చాకు చేతిలోకి రాగానే మీరు ముందు చూసేదేంటి? (స్టీల్ పేరు పక్కన పెట్టి చెప్పండి)

మడతచాకు:
అందరికీ నమస్తే. కొత్తగా చాకుల మీద ఆసక్తి పుట్టినవాళ్ళు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే, స్టీల్ ఏంటి, డీ2 నా ఎస్30వీ నా మాగ్నాకట్టా అని. దాని మీద ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి ఇక్కడ కాసేపు ఆపుదాం. రోజూ జేబులో వేసుకు తిరిగేవాళ్ళు, పనిలో వాడేవాళ్ళు నిజంగా ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో రాయండి. మడిచే చాకులే కాదు, బ్లేడు మార్చుకునే కట్టర్ల గురించి కూడా రాయొచ్చు.

నా సంగతి చెప్తా. అంచుకి కాస్త పైన మందం ఎంతుందో చూస్తా. వెన్ను దగ్గర 3 మి.మీ. ఉన్నా పర్లేదు, పదును పెట్టిన భాగం మొదలయ్యే చోట 0.3 - 0.4 మి.మీ. ఉంటే ఆ చాకు కోస్తుంది. అక్కడే 0.8 ఉందనుకోండి, ఎంత పదును పెట్టినా కోయడం ఉండదు, చీల్చడమే. మందపాటి అట్టపెట్టె మీద పెట్టి ఒక్కసారి లాగితే తెలిసిపోద్ది. పల్చటి బ్లేడు ఆగకుండా జారిపోతుంది, మందం బ్లేడు సగంలో ఇరుక్కుంటుంది, కోత పక్కన అట్ట నలిగి పైకి లేస్తుంది. చేతి మీద వెంట్రుకలు గీసేంత పదునున్న చాకుతో కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ అడ్డం పడేది అంచు కాదు, అంచు వెనకాల ఉన్న లోహం.

సానరాయి:
నూటికి నూరు పాళ్ళు నిజం. విక్టోరినాక్స్ (స్విస్ చాకుల కంపెనీ) బ్లేడు గట్టిదనం 56 హెచ్‌ఆర్‌సీ (లోహం గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు) దగ్గర ఉంటుంది, ఈ రోజుల్లో ఆ నంబర్ చెప్తే తక్కువని చాలామంది మొహం తిప్పేసుకుంటారు, కానీ అది పల్చగా ఉంటుంది కాబట్టి పెట్టె దగ్గర ఖరీదైన చాకులకి తీసిపోదు. త్వరగా మొద్దుబారుతుంది, ఒప్పుకుంటా, కానీ రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ వచ్చేస్తుంది. మంచి స్టీల్ అసలు పని ఏంటంటే అంచు ఇంకా పల్చగా పెట్టుకున్నా పెచ్చులు లేవకుండా, ఒరిగిపోకుండా తట్టుకోవడం. మాగ్నాకట్ స్టీల్‌ని 2021లో లారిన్ థామస్ అనే లోహ శాస్త్రవేత్త తెచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నది అందుకే, తుప్పు తొందరగా పట్టదు, పెళుసుతనం తక్కువ, అరుగుదలకీ బాగానే ఆగుతుంది. అలాంటి స్టీల్ తీసుకుని అంచు గునపంలా మందంగా వదిలేసే కంపెనీలని చూస్తే బాధేస్తుంది.

నేను చూసే ఇంకో చోటు అంచు పిడి దగ్గర ఆగే మూల. అక్కడ చిన్న గాడి ఉండాలి, షార్పెనింగ్ చోయిల్ అంటారు కదా అది. గాడి ఉంటే రాయి మీద అంచు చివరిదాకా ఆనుతుంది. లేకపోతే ఆ చివరి రెండు మి.మీ. రాయికి తగలదు, మిగతా అంచు ఏళ్ళ తరబడి అరుగుతూ పోతుంది, ఆ మూల మాత్రం అలాగే మిగిలి గుబ్బలా తేలుతుంది. ఆ తర్వాత బల్ల మీద పెట్టి కోస్తే గుబ్బ ఆనుతుంది, దాని పక్కన అంచు గాల్లో ఉంటుంది. కొత్త చాకు ఫొటోల్లో ఇది ఎవరికీ కనపడదు, అందుకే చెప్తున్నా.

కొయ్యపని:
నా ఓటు ఓపినెల్‌కి. 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ చేసిన చాకు, ఇప్పటికీ ఆకారం దాదాపు అదే. బీచ్ కొయ్య పిడి, బ్లేడు, ఒక పిన్ను, 1955లో మార్సెల్ ఓపినెల్ కలిపిన, బ్లేడు కదలకుండా పట్టే తిప్పుడు రింగు, అంతే. నేను వాడేది 8వ నంబర్, బ్లేడు ఎనిమిదిన్నర సెం.మీ.

దీంట్లో నాకు నచ్చేది పిడి. కొయ్య చెక్కేటప్పుడు చాకుని గట్టిగా పట్టుకుని చాలాసేపు తోయాలి, జేబుకి తగిలించే క్లిప్పులు, స్క్రూలు, లైనర్లు (పిడి లోపలి లోహపు రేకులు) ఉన్న చాకయితే కాసేపటికే అరచేతిలో ఒక చోట ఎర్రగా కమిలిపోతుంది. ఓపినెల్ పిడిలో గుచ్చుకునేది ఏదీ లేదు, ఎటు తిప్పి పట్టుకున్నా గుండ్రమే. చాకు షాపులో పట్టుకుని చూసేవాళ్ళు ఊరికే పట్టుకుని బాగుంది అనేస్తారు, అలా కాదు, గట్టిగా బిగించి పట్టుకుని మణికట్టు నాలుగు వైపులా తిప్పి చూడండి, గుచ్చుకునే చోటు అప్పుడు తెలుస్తుంది.

ఇబ్బంది ఒకటుంది. తేమ తగిలితే కొయ్య ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, గోటితో రాదు. అప్పుడు రింగు తెరిచి పిడి వెనక చివరని గట్టి బల్ల అంచు మీద టక్కున కొడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది, అక్కడ పట్టుకుని లాగొచ్చు. బ్లేడు దూరే గాడిలో అవిసె నూనె పట్టించి బాగా ఆరనిస్తే ఉబ్బడం చాలావరకు తగ్గుతుంది.

గోడౌన్_అన్న:
మా దగ్గర దినమంతా పెట్టెలు కోసుడే పని. మడత చాకు జేబుల ఉంటది గని పనిల తీసేది కట్టరే. టేపు జిగురు, అట్టల ఇసుక లెక్క గరుకు, స్టేపుల్ పిన్నులు, వీటికి ఏ స్టీలైనా మొద్దువారాల్సిందే, మొద్దువడ్డ ముక్క విరగ్గొట్టి పారేసి కొత్త మొన తెచ్చుకునుడు మించింది లేదు. ఈ విరిచే బ్లేడు 1956ల జపాన్‌ల యోషియో ఒకాడా అనే ఆయన కనిపెట్టిండు, ప్రింటింగ్ పనిల కాయితాలు కోసుకుంట రేజర్ బ్లేడ్లు వేస్టయితున్నయని చూసి, పగిలిన గాజు పెంకు అంచు, గీతలమీద విరిచే చాక్లెట్ బిళ్ళ, ఈ రెండు కలిపి ఆలోచించిండట. ఓల్ఫా కంపెనీ ఆయనదే. 9 మి.మీ., 18 మి.మీ. వెడల్పు, 59 డిగ్రీల ఏటవాలు, గిప్పుడు వేరే కంపెనీలవి గూడ గదే కొలత, అందుకే ఒకదాంట్ల ఇంకొకదాని బ్లేడు పడతది.

నేను చూసేది ఏందంటే, బ్లేడు కొంచెం బయటికి తీసి వేలితోని పక్కకు అటు ఇటు ఊపుత. ఊగుతుందంటే ఆ కట్టరు వద్దు. ప్లాస్టిక్ గాడి ఉన్నవి కొన్ని దినాలకే లూజయితయ్, గీత తిన్నగ రాదు, గట్టిగ నొక్కితే బ్లేడు వంగి ఫట్మని ఇరుగుతది, ఆ ముక్క యాడికి ఎగురుతదో తెల్వది. గాడి లోహంది ఉండాలె. లాక్ రెండు తీర్లుంటది, స్లైడర్ అదంతటదే పట్టుకునేది ఒకటి, చక్రం తిప్పి బిగించేది ఒకటి. నూరు పెట్టెలు వరుసపెట్టి కోసెటోళ్ళకు స్లైడర్ జల్ది అయితది. రబ్బర్ షీట్, కార్పెట్ అసొంటివి బలంగ కోస్తే చక్రందే నయం, వెనక్కి జారదు. ఇంకొకటి, బ్లేడు ముక్క వేళ్ళతోని విరవకుర్రి, ప్లయర్‌తోనన్న, కట్టర్ వెనక మూతల గాడి ఉంటది దాంతోనన్న విరవుర్రి, విరిచిన ముక్కలు మూత ఉన్న డబ్బాల వెయ్యిర్రి.

మడతచాకు:
అన్నా సూపర్ రాశావ్. స్టాన్లీ టైపు, నాలుగు మూలల బ్లేడు కట్టర్ మీద నీ మాటేంటి?

గోడౌన్_అన్న:
అది బలమైంది, ఊగుడు తక్కువ, బ్లేడు తిప్పి రెండో కొస వాడుకోవచ్చు. గని బ్లేడు మార్చనీకి స్క్రూడ్రైవర్ అడిగే మోడల్ కొనకుర్రి, పని నడుమ ఎవరు ఇప్పుతరు, అందరు మొద్దు బ్లేడుతోనే నెట్టుకొస్తరు, దెబ్బలు తగిలేది గప్పుడే. బటన్ ఒత్తితే బ్లేడు ఊడొచ్చేది కొనుర్రి.

ఎడంచేతివాటం:
మా లాంటివాళ్ళ గురించి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తా. ఎడమ చేత్తో వాడేవాడికి చాకు ఎంచుకోవడం అంటే సగం మోడల్స్ మొదట్లోనే కొట్టేయడం. గోటితో తెరిచే గాడి ఒక్క వైపే ఉంటుంది, అది కుడిచేతి వాళ్ళ వైపు. లైనర్ లాక్, ఫ్రేమ్ లాక్ (తెరిచిన బ్లేడు వెనక లోహపు రేకు అడ్డంపడి పట్టే లాకులు) కుడి బొటనవేలు తోయడానికి వీలుగా చేస్తారు, నేను చూపుడు వేలితో లాగాల్సి వస్తుంది, అలవాటైతే కుదురుతుంది కానీ తడి చేత్తో నమ్మకం ఉండదు. క్లిప్ రెండో వైపుకి మార్చుకోవచ్చు అని రాసి ఉంటుంది, మార్చాక చూస్తే అది లాక్ మీదే కూర్చుంటుంది!

స్పైడర్‌కో వాళ్ళు 1981లో బ్లేడుకి గుండ్రటి రంధ్రం పెట్టి తెచ్చారు కదా, ఆ ఐడియా ఎవరిదో గానీ దండం పెట్టాలి, ఏ చేత్తో అయినా బొటనవేలు దాంట్లో ఆనుతుంది. లాక్ విషయంలో వెన్ను మీద నొక్కే లాక్‌బ్యాక్, లేదా బెంచ్‌మేడ్ 1998లో తెచ్చిన యాక్సిస్ లాంటి అడ్డకడ్డీ లాక్ (పిడికి రెండు వైపులా వచ్చే కడ్డీని వెనక్కి లాగితే వదిలేది), ఈ రెండే ఏ చేతికైనా పూర్తిగా సమానం. అడ్డకడ్డీది ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, మూసేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలో ఉండవు, అది కుడిచేతి వాళ్ళకి కూడా లాభమే కదా.

భద్రంగా:
చివర్లో ఎడంచేతివాటం గారు అన్న మాట చాలా ముఖ్యం. లాక్ ఎంత బలమైందని అడుగుతారు గానీ, మూసేటప్పుడు వేలు ఎక్కడుంటుంది అని ఎవరూ అడగరు. లైనర్, ఫ్రేమ్ లాకుల్లో తోసే బొటనవేలు బ్లేడు మూసుకునే దారిలోనే ఉంటుంది, లాక్ వదిలాక వేలు తీసి అప్పుడు మూయాలి. పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) వదులుగా ఉండి బ్లేడు దానంతటది కిందికి జారే చాకుల్లో ఇది గమనించుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను లాక్‌బ్యాక్ గానీ ఓపినెల్ రింగు గానీ చెప్తా.

లైనర్ లాక్ చూసే పద్ధతి, తెరిచి వెనకనుంచి వెలుతురులో పెట్టి చూడండి, లాక్ రేకు బ్లేడు మడమ (పిడిలో ఉండే వెనక చివర) వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కి ఉండాలి. అంచున అంటీ అంటనట్టు ఉంటే వద్దు. పూర్తిగా అవతలి వైపుకి వెళ్ళిపోయి ఉంటే కూడా వద్దు, అరిగే కొద్దీ ఇంక పోవడానికి చోటుండదు. తర్వాత బ్లేడు వెన్ను మీద చేత్తో మెల్లగా ఒత్తిడి పెట్టి చూడండి, కదలకూడదు. బల్ల మీద వెన్నుతో ధనాధన్ కొట్టే వీడియోలు చూసి చేయకండి, మంచి లాక్ కూడా పాడైపోతుంది.

లాకే లేని స్లిప్‌జాయింట్‌ని తక్కువ చేయొద్దు. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవాలంటే 3 అంగుళాల లోపు అంచు, లాక్ లేని మడత చాకు అయ్యుండాలి, అందుకే ఆ పరిమితిలో మంచి డిజైన్లు చాలా వచ్చాయి. మీరున్న చోట రూల్ ఏంటో కొనేముందే కనుక్కోండి.

క్యాంపు_గిరి:
అందరూ పల్చన పల్చన అంటున్నారు, నేను ఒప్పుకోను. బయట తిరిగేవాడికి ఒకటే చాకు ఉంటుంది, దాంతో పుల్ల చీల్చాలి, ముడి విప్పాలి, ఒక్కోసారి డబ్బా మూత లేపాలి. 0.3 మి.మీ. అంచుతో అవి చేస్తే పెచ్చు లేస్తుంది. నాకు 0.6 ఉన్నా పర్లేదు, మొన దగ్గర కండ ఉండాలి.

సానరాయి:
@క్యాంపు_గిరి పుల్ల చీల్చడానికి అయితే మడిచే చాకే వద్దంటా, పివట్ మీద ఆ దెబ్బ పడకూడదు, పూర్తి టాంగ్ ఉన్న (బ్లేడు లోహం పిడి చివరిదాకా వెళ్ళే) మడవని నిలువు చాకు తీసుకో, అందులో మందం నేనూ ఒప్పుకుంటా. డబ్బా మూతకి విక్టోరినాక్స్‌లో దానికో ముక్క వేరే ఉంది. ఒక్క బ్లేడుతో అన్నీ చేయాలనే చోటే డిజైన్ పాడవుతోంది.

క్యాంపు_గిరి:
నిలువు చాకు జేబులో పట్టదు కదా గురూ. నాది నాదే. కానీ పివట్ మాట వచ్చింది కాబట్టి, బాల్ బేరింగుల మీద తిరిగే చాకులు చేతిలో భలే జువ్వున తెరుచుకుంటాయి, ఇసుక మట్టి ఉన్న చోట మాత్రం నాకొద్దు. గోళీల మధ్యకి ఇసుక పోతే గరగరమంటుంది, విప్పి కడిగితే తప్ప పోదు. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు ఉన్నవి కొత్తలో కాస్త బిగువుగా ఉంటాయి, వాడగా వాడగా నున్నగా అవుతాయి, ఒక చుక్క నూనె చాలు.

కొయ్యపని:
ఈ ఒక్కదాంట్లో గిరి గారితో నేను. రంపపు పొట్టు కూడా ఇసుకలాగే చేస్తుంది.

జేబుచిరుగు:
క్లిప్ గురించి ఎవరూ పెద్దగా అనలేదు. జీ10 (గాజు నార, రెసిన్ కలిపిన పలక) పిడి గరుకుగా ఉంటే పట్టు బాగుంటుంది నిజమే, కానీ క్లిప్ కింద కూడా అదే గరుకు ఉంటే తీసినప్పుడల్లా పెట్టినప్పుడల్లా జేబు అంచు ఆకురాయితో గీసినట్టే, ప్యాంటు బాగున్నా జేబు నూలు పోగులు పోగులుగా లేచిపోతుంది. మంచి డిజైనర్ క్లిప్ కింద భాగం నున్నగా వదిలేస్తాడు. మీ దగ్గర అలా లేకపోతే క్లిప్ ఊడదీసి ఆ ఒక్క చోట 400 నంబర్ సాండ్ పేపర్‌తో తడిపి రుద్దుకోండి, తడిపే రుద్దాలి, మాస్క్ పెట్టుకోవాలి, జీ10 అంటే గాజు నారే, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

స్క్రూలు కూడా చూడండి. నక్షత్రం ఆకారం గాడి ఉండే టార్క్స్ స్క్రూల్లో చిన్న టీ6 కన్నా టీ8 తల ఉన్నవి మేలు, టీ6 తలలు తొందరగా నలిగిపోతాయి. రాకపోతే బలం పెట్టొద్దు, స్క్రూ తల మీద సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే లోపల థ్రెడ్‌లాకర్ (స్క్రూ ఊడకుండా పెట్టే జిగురు) మెత్తబడి వచ్చేస్తుంది.

కొత్తకొత్తగా:
థ్రెడ్ మొత్తం చదివాను, చాలా థాంక్స్ అండి. నాకు పని కేబుళ్ళ పై తొడుగు ఒలవడం, జిప్ టైలు కోయడం, పార్సిల్స్. డ్రాప్ పాయింట్ (వెన్ను మొన వైపు వంగి, అంచు వంపుగా ఉండే బ్లేడు) తీసుకోవాలా, అంచు తిన్నగా ఉండే వార్న్‌క్లిఫ్ తీసుకోవాలా?

సానరాయి:
మీ పనికి వార్న్‌క్లిఫ్ లేదా షీప్స్‌ఫుట్ (ఇదీ తిన్నటి అంచుదే, మొన మొద్దుగా ఉంటుంది). అంచు తిన్నగా ఉంటే బలమంతా మొన దాకా వెళ్తుంది, డ్రాప్ పాయింట్‌లో మొన దగ్గర వంపు ఉంటుంది కాబట్టి లాగేటప్పుడు మొన పైకి తేలుతుంది. పదును పెట్టడం కూడా దీనికే తేలిక, రాయి మీద చేయి లేపాల్సిన పని లేదు. తొడుగు ఒలిచేటప్పుడు కేబుల్ చుట్టూ పూర్తి లోతు కోయకండి, పైపైన గాటు పెట్టి కేబుల్ వంచితే మిగతాది అక్కడే చీలుతుంది, లోపలి తీగకి గాయం కాదు. కరెంటు ఆపి చేయండి, లోహపు పిడి కరెంటుని ఆపదు.

గోడౌన్_అన్న:
జిప్ టైలు కోసేటప్పుడు బ్లేడు వెన్ను కేబుల్ దిక్కు, అంచు బయటి దిక్కు పెట్టుర్రి తమ్మీ, కిందికెళ్ళి దూర్చి పైకి లేపి కోస్తే కేబుల్‌కు తగలది. మొకం మాత్రం అడ్డం పెట్టకుర్రి, తెగిన టై ముక్క ఎగిరొస్తది.