డ్వాక్రా అక్కలకి గృహహింస మీద శిక్షణ: రెండు రోజుల్లో ఏం నేర్పాలి?

చీపురుపల్లి టీచరమ్మ:
అందరికీ నమస్కారం. మా మండలంలో డ్వాక్రా సంఘాల నుంచి పాతిక మంది దాకా ముందుకొచ్చారు. ఇళ్ళల్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి తోడుంటామంటున్నారు. చదువుకున్నదాన్నని శిక్షణ నా నెత్తిన పెట్టారు. మొదటి రోజంతా లాయరు గారితో చట్టం చెప్పిద్దామనుకుంటున్నాను, రెండో రోజుకి ఏం తోచట్లేదు. ఇంకో చిక్కేంటంటే ఊళ్ళో అందరూ చుట్టాలే. కొట్టేవాడు ఒకావిడకి మేనల్లుడు, ఇంకొకావిడకి తోడికోడలి కొడుకు. వీళ్ళ దగ్గర ఎవరైనా నోరు విప్పుతారా?

పలాస అప్ప:
లాయరు గారికి ఒక గంట చాలు టీచరమ్మా. రోజంతా సెక్షన్లు వింటే సాయంత్రానికి టీ, సమోసా తప్ప ఏదీ గుర్తుండదు. 2005 గృహహింస చట్టంలో మనవాళ్ళకి కావలసింది కొంచెమే. దెబ్బలే కానక్కర్లేదు, తిట్లు, బెదిరింపులు, కూలి డబ్బులు లాక్కోవడం కూడా హింసే. కాపురముంటున్న ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకుంది. ఫిర్యాదు రాసుకోవడానికి రక్షణాధికారి ఉంటారు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, దానికి 15100 నంబరుకి ఫోను చెయ్యాలి. ఎప్పుడైనా మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదికొస్తే 112. ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం సర్కారు పెట్టిన సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. అంతే.

మిగతా సమయమంతా వినడం నేర్పండి. నేనైతే ముగ్గురు ముగ్గురిగా కూర్చోబెడతాను. ఒకరు బాధితురాలు, ఒకరు వాలంటీరు, మూడో ఆవిడ చేతిలో గుప్పెడు చింతపిక్కలు. వాలంటీరు నోట "పోనీలే తల్లీ, తాగినప్పుడే కదా", "పిల్లల మొహం చూసి సర్దుకో", "నువ్వేటన్నావేటి ముందు?" ఇలాంటిది వచ్చినప్పుడల్లా ఒక పిక్క కింద పెట్టాలి. ఐదు నిమిషాల్లో కుప్ప పడుతుంది. మంచి మనసున్నవాళ్ళ ముందే పెద్ద కుప్ప.

మా పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు ఎలాగూ నల్లబడి, పొక్కి ఉంటాయి. భుజం మీద కాలిన మచ్చ కనబడినా "పిక్క నూనె పడిందప్పా" అనేస్తారు. పిక్క నూనె భుజం దాకా ఎగరదని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అబద్ధం పట్టేసినట్టు మొహం పెట్టకూడదు. "మందు రాసుకున్నావా?" అని అడిగి, పక్కనే కూర్చుని మన పని మనం చేసుకోవాలి. ఇవాళ చెప్పకపోతే ఇంకోనాడు చెబుతుంది. చెప్పకపోనూవచ్చు, అది ఆమె ఇష్టం.

చుట్టరికానికి మందు ఒకటే, సొంత ఊరి కేసు సొంత ఊరి మనిషికి ఇవ్వకండి. మీ ఊళ్ళకి గరివిడి వాళ్ళు, గరివిడికి మీవాళ్ళు. పెద్దమనుషుల పంచాయితీలో మన వాలంటీరు కూర్చోనే కూర్చోకూడదు, రాజీ మన పని కాదు. ఈ చట్టం కింద జరిగే కౌన్సెలింగులో కూడా కొట్టినదానికి సాకులు చెప్పుకోనివ్వకూడదని 2006 నిబంధనల్లోనే ఉంది. రచ్చబండ దగ్గర మొదలయ్యేదే ఆ సాకుతో.

గార కోడలు:
మా బెస్త ఊళ్ళలో మగాళ్ళు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి పోతారు. ఇక్కడ కొట్టేది అత్తో ఆడపడుచో, అక్కణ్ణుంచి వీడియో కాల్‌లో అజమాయిషీ చేసేది మొగుడు. ఆడవాళ్ళ మీద ఈ చట్టం పనిచెయ్యదని ఇప్పటికీ కొందరు చెప్పేస్తుంటారు. చట్టంలో ఉన్న "వయోజన పురుషుడు" అన్న మాటల్ని 2016లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది, లాయరు గారి గంటలో అది కూడా చెప్పించండి.

ఫోను దగ్గర జాగ్రత్త టీచరమ్మా. "మళ్ళీ కొట్టాడా అమ్మా?" అని వాట్సాప్‌లో పెట్టే మహాతల్లులుంటారు. ఆ ఫోను ఆ వేళ ఎవరి చేతిలో ఉందో! ఫోన్లో సంఘం వాయిదా మాట తప్ప ఇంకేం వద్దు. ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు జిరాక్సులు బయట ఎక్కడైనా దాయించండి. పుట్టింట్లో వద్దు, ముందు అక్కడే వెతుకుతారు.

ఎచ్చెర్ల అమ్మాయి, కాలిఫోర్నియా:
ఇక్కడ 40 గంటల శిక్షణ లేనిదే గృహహింస కౌన్సిలర్‌గా చట్టం గుర్తించదు. గుర్తిస్తే, ఆమె చెప్పిన మాటలకి కోర్టులో కూడా గోప్యత ఉంటుంది. బే ఏరియాలో దక్షిణాసియా వాళ్ళ కోసం మైత్రి అనే సంస్థ 1991 నుంచీ ఉంది. మొగుడి ఉద్యోగ వీసాని బట్టి ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన మన పిల్లలకి "కేసు పెడితే ఇండియాకి పంపేస్తారు" అన్నదే పెద్ద భయం. మొగుళ్ళు నూరిపోసేది అదే. మీ పాతిక మందికి అలాంటి గోప్యత ఏదీ ఉండదు కాబట్టి మీటింగు పుస్తకంలో పేర్లు రాయించకండి. ఇంకోటి, ఇల్లు వదిలి వెళ్ళే సమయంలోనే ప్రాణాపాయం ఎక్కువ. "ఇంకా అక్కడే ఎందుకున్నావు, వచ్చెయ్" అని ఎవరూ తొందరపెట్టకూడదు. వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళినా కసురుకోకూడదు.

చీపురుపల్లి టీచరమ్మ:
అందరికీ ధన్యవాదాలు. లాయరు గారికి గంటే అంటే కాస్త చిన్నబుచ్చుకున్నారు, పర్లేదు. అప్పా, ఒకటి అడగాలి. వచ్చేవాళ్ళలోనే ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళని బాధితురాలి వేషంలో కూర్చోబెట్టొచ్చా?

పలాస అప్ప:
మీరు కూర్చోబెట్టకండి. చీటీలు కూడా తియ్యొద్దు, ఏ వేషమో ఎవరికి వాళ్ళే ఎంచుకుంటారు. మధ్యలో ఎవరైనా లేచి బయటికెళ్తే మీరు తప్ప ఇంకెవరూ వెనకాల వెళ్ళకూడదని పొద్దున్నే అందరికీ చెప్పెయ్యండి. సఖి కేంద్రం నుంచి ఒక కౌన్సిలర్ని ఆ రెండు రోజులూ పంపమని ఇప్పుడే ఉత్తరం పెట్టండి, ఆఖర్లో అడిగితే కుదరదంటారు.