అప్‌డేట్: తమ్ముడి గుండె దడ, టీ, బీ12

మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే మా తమ్ముడికి గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు. తిండి, టీల వల్ల కావచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. డాక్టర్‌కి చూపించాం. రక్త పరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, విటమిన్ బీ12 మాత్రం చాలా తక్కువ. మా ఇంట్లో బీ12 ఎక్కువగా దొరికే మాంసం, గుడ్లు తినం. బీ12 తగ్గితే నీరసంతో పాటు మనసు కూడా దిగాలుగా ఉండొచ్చట. మాత్రలు మొదలుపెట్టాడు.

టీ సంగతి ఆయన ఓపిగ్గా చెప్పారు. నిద్ర వచ్చేలా చేసే అడెనోసిన్ అనే పదార్థాన్ని టీలోని కెఫీన్ మెదడులో అడ్డుకుంటుంది. ఒంట్లో ఆ కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. వీడేమో తెల్లవారుజామున షిఫ్ట్ అవగానే ఇరానీ హోటల్లో ఖాళీ కడుపుతో చాయ్ మీద చాయ్ తాగి, ఇంటికొచ్చి పడుకునేవాడు! ఇప్పుడు చాయ్ షిఫ్ట్ మొదట్లోనే. పొద్దున అమ్మ పెసరట్టు వేసి పెడుతోంది, తిన్నాకే పడక.

దడ బాగా తగ్గింది. చిరాకు ఇంకా పోలేదు, అందుకే కౌన్సెలింగ్‌కి కూడా వెళ్తున్నాడు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేశాడు. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. అప్పుడు ఇక్కడ బీ12 పరీక్ష చేయించమన్న వాళ్లకి మనసారా థాంక్స్. మూడు నెలలకి మళ్లీ రక్త పరీక్ష ఉంది.