జయంతిది పొగరా, అభిమానమా?

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవల గురించి రెండు రోజులుగా ఇక్కడ జరుగుతున్న చర్చంతా చదివాను. నాయిక జయంతికి పొగరని ఒకరు, పొగరు కాదు ఆత్మాభిమానమని ఒకరు, అంత ఇగో ఉన్న మనిషితో కాపురం కష్టమని ఇంకొకరు రాశారు. ఆమె యజమాని, కథానాయకుడు అయిన రాజశేఖరం విషయంలోనూ సరిగ్గా ఇలాగే రెండు పక్షాలు. 1960లలో వచ్చిన నవల గురించి ఇప్పటికీ ఇంత గట్టిగా వాదించుకుంటున్నారంటే నాకు సంతోషంగానే ఉంది. నవల మంచిచెడ్డల జోలికి వెళ్లకుండా, ఈ చర్చలో పదేపదే వచ్చిన ఒక మాట గురించి రాయాలనిపించింది. ఆ మాట అభిమానం.

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. అమ్మకి డెబ్బై దాటాయి. ఈ నవలని పెళ్లికి ముందే చదివింది. మా అన్నయ్య కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. పండక్కి వచ్చి, అమ్మ దగ్గరున్న పాత పుస్తకం తీసి రెండు రాత్రుల్లో పూర్తి చేసింది. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, “నానమ్మా, ఈమెకి అతనంటే ఇష్టమే కదా, ఎందుకింత దూరం పెట్టింది? నోరు తెరిచి చెప్పేస్తే సరిపోయేది” అంది. “అభిమానం అడ్డొచ్చిందే” అంది అమ్మ. పిల్ల అయోమయంగా చూసింది. “అభిమానం ఉంటే దగ్గరవ్వాలి కదా, అడ్డెందుకొస్తుంది?” అని అడిగింది.

అది అమాయకంగా అడిగిన ప్రశ్న కాదు. ఆ పిల్లకి తెలిసిన అభిమానం హీరోల అభిమానులకు ఉండేది, అంటే ఇష్టం. అమ్మ అన్న అభిమానం “అభిమానం చంపుకొని వెళ్లి అప్పడిగాను” అన్నప్పటిది. మాట ఒకటే, అర్థాలు రెండు. ఒకటి మనిషిని ఎదుటివాళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది, రెండోది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ రోజు నుంచి ఈ మాట నన్ను వదల్లేదు.

సంస్కృతంలో ‘అభి’ ఉపసర్గకి ‘మన్’ అనే ధాతువు కలిసి వచ్చిన పదం ఇది. మన్ అంటే తలచడం, అనుకోవడం. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం దీన్ని గర్వం, అహంకారాల పక్కన పెట్టింది: “గర్వోఽభిమానోఽహంకారో మానశ్చిత్తసమున్నతిః”. గీత పదహారో అధ్యాయంలో ఆసురీ గుణాలు చెప్పే శ్లోకం ప్రచారంలో ఉన్న ఒక పాఠంలో “దంభో దర్పోఽభిమానశ్చ” అని ఉంటుంది. అంటే అక్కడ అభిమానం అసుర లక్షణం. ఆ మాటనే మనం తెచ్చుకుని, “మీ అభిమానానికి కృతజ్ఞతలు” అని పెళ్లి పందిట్లో చేతులు జోడించి చెప్తున్నాం. మమత, కోరిక అన్న అర్థాలు సంస్కృత నిఘంటువుల్లో కూడా ఉన్నాయి కానీ, తెలుగులో వాడుకంతా ఎక్కువగా వాటి వైపే విస్తరించింది.

ఇదెలా జరిగిందనేది నా ఊహ మాత్రమే, తప్పయితే సరిదిద్దండి. సాంఖ్య దర్శన గ్రంథం సాంఖ్యకారికలో “అభిమానోఽహంకారః” అన్న మాట ఉంది. అక్కడ అభిమానమంటే తల ఎగరేయడం కాదు, ‘నేను, నాది’ అనుకోవడం. ‘నాది’ అనే భావన తన మీదే నిలిస్తే గర్వమవుతుంది. పక్కవాళ్ల దాకా వెళ్లి ‘నావాళ్లు’ అనిపిస్తే ప్రేమవుతుంది. భాషాభిమానం, దేశాభిమానం అన్న మాటలు చూడండి, వాటిలో గర్వమెంతో ప్రేమెంతో విడదీయలేం. నాకు తెలుగంటే ప్రేమ, తెలుగువాణ్ణని గర్వం, రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

అయితే రోజువారీ మాటల్లో మనం ఈ రెండిట్నీ తికమక పడకుండానే వాడుతున్నాం. ఎలాగంటే, వ్యాకరణమే దారి చూపిస్తోంది. “ఆయనకి మా మీద చాలా అభిమానం” అంటే ప్రేమ. ‘మా మీద’ తీసేసి “ఆయనకి అభిమానం ఎక్కువ” అంటే అర్థం వెంటనే మారిపోతుంది, ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషని తెలుస్తుంది. మీద, పట్ల, అంటే, వీటిలో ఏదో ఒకటి ముందుంటే ఆ అభిమానం బయటికి వెళ్లేది. లేకపోతే చాలాసార్లు లోపల ఉండేది. పక్కన చేరే క్రియల్లోనూ తేడా ఉంది. అభిమానాన్ని చూపిస్తాం, సంపాదించుకుంటాం, చూరగొంటాం, అదంతా ప్రేమ. అభిమానం దెబ్బతింటుంది, అడ్డొస్తుంది, దాన్ని చంపుకుంటాం, అదంతా ఆత్మగౌరవం. ‘అభిమానించు’ అన్నది ఎప్పుడూ ఇతరుల్నే. ‘అభిమానపడు’ అంటే మాత్రం మనసు చిన్నబుచ్చుకోవడం, అడగడానికి సిగ్గుపడటం. “అభిమానపడకుండా ఏం కావాలో అడుగమ్మా” అని మా అమ్మమ్మ కొత్త కోడళ్లతో అనేది.

పక్క భాషల్లో ఈ పదం ఒక్కోచోట ఒక్కోలా స్థిరపడింది. కన్నడంలో మనకి చాలా దగ్గరగా ఉంటుంది. కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారు తన అభిమానుల్ని ‘అభిమాని దేవరుగళు’ అని పిలిచిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. హిందీలో ఎక్కువగా గర్వమే. 1973లో అమితాబ్, జయ నటించిన ‘అభిమాన్’ సినిమా భార్య తనకంటే పెద్ద గాయని అవుతుంటే తట్టుకోలేని భర్త కథ. నాకు బాగా నచ్చింది బెంగాలీ వాడుక. వాళ్ల ‘ఓభిమాన్’ ప్రేమించిన మనిషి వల్ల మనసు నొచ్చుకుని, పైకి చెప్పకుండా ముఖం తిప్పుకోవడం. దారిన పోయేవాడి మీద కోపం రావచ్చు కానీ ఓభిమాన్ రాదు, దగ్గరివాళ్ల మీదే వస్తుంది. మన రెండు అర్థాలూ అక్కడ ఒక్క భావంలో కలిసిపోయాయి.

జయంతిని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన సరైన మాట అదే. తెలుగులో దానికి దగ్గరగా అలుక ఉంది కానీ, అలుకకి తీర్చేవాడొకడు ఎదురుగా ఉండాలి, తనకా హక్కుందన్న ధీమా ఉండాలి. ‘పారిజాతాపహరణం’ కావ్యంలో నంది తిమ్మన సత్యభామకి ఆ ధీమా నిండుగా ఉంది. ఎడమకాలితో కృష్ణుడి తల తోసేసినా, కవి “పేరలుకం జెందినయట్టి కాంత లుచితవ్యాపారముల్ నేర్తురే” అని ఆమె పక్షమే మాట్లాడాడు. జయంతికి ఆ వసతి లేదు. అతను యజమాని, ఆమె అతని దగ్గర జీతం తీసుకునే ఉద్యోగి. అలుగుదామన్నా అలిగే హక్కు లేదు. మిగిలింది అభిమానం ఒక్కటే, దాన్ని గట్టిగా పట్టుకుంది. అందుకే ఆమెని సత్యభామతో పోల్చిన వారితో నేను ఏకీభవించలేను.

ఇక పొగరు సంగతి. ఈ మాట నాకు బాధ కలిగించిందని దాచకుండా చెప్తున్నాను. ఒక మనిషి తలవంచకపోతే తెలుగులో రోషం, పౌరుషం, బింకం, బెట్టు, టెక్కు, పొగరు, ఇన్ని మాటలున్నాయి. మగవాడైతే ముందు రెండూ ఇస్తాం. ఆడపిల్లయితే చివరి మూడింటి దగ్గరికి చెయ్యి పోతుంది. యుద్ధం దాకా వెళ్లినా తగ్గని సుయోధనుణ్ణి మనం మానధనుడని పిలుచుకుంటాం. నెల జీతం మీద బతికే అమ్మాయి, యజమాని దయ తీసుకోవడం ఇష్టం లేక వెనక్కి తగ్గితే పొగరంటున్నాం. నవల నచ్చకపోవడం వేరు. కథ సాగదీతగా ఉందనో, నాయకుడు మరీ అందగాడనో అనండి, కొంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లకి ఏ మాట వాడుతున్నామో ఒక్కసారి ఆగి చూడమని అడుగుతున్నాను.

ఇగో అన్నవారికి నా జవాబు చిన్నది. ఇప్పుడు అందరం వాడే మాటే, తప్పేం లేదు. అయితే ఇగోలో ‘నేను’ ఒక్కటే ఉంటుంది, ఇష్టానికి చోటు లేదు. “ఇగో అడ్డొచ్చింది” అంటే కథలో సగం పోతుంది. “అభిమానం అడ్డొచ్చింది” అంటే అడ్డొచ్చిన దాంట్లోనే ఆ ఇష్టం కూడా వినిపిస్తుంది. లేకపోతే అంత నొప్పి ఎందుకు? రాజశేఖరం స్థానంలో ఆమెకి లెక్కలేని మనిషి ఉంటే, తీసుకున్న సాయానికి ఒక నమస్కారం పెట్టి మర్చిపోయేది.

చర్చలో ఒకరు 1976లో వచ్చిన సినిమాని బట్టి కూడా మాట్లాడారు. నాగేశ్వరరావు గారూ వాణిశ్రీ గారూ నటించినది. తెరమీద వాణిశ్రీ గారి నడకా చూపూ చూసి పొగరన్న మాట వచ్చి ఉంటే అర్థం చేసుకోగలను. కానీ చర్చ నవల గురించి కాబట్టి పుస్తకంలో జయంతి దగ్గరే ఉందాం.

ఆ సంక్రాంతి పొద్దున అమ్మ మనవరాలికి ఇవేమీ చెప్పలేదు. “నీ జీతం మీ ఆఫీసు వాళ్లు తప్పు లెక్కేసి ఎక్కువిస్తే తీసుకుంటావా?” అని అడిగింది. తిరిగిచ్చేస్తానంది పిల్ల. “వాళ్లు నీకు నచ్చినవాళ్లయితే?” అంటే కాసేపు ఆలోచించి, “ఇంకా తొందరగా ఇచ్చేస్తాను” అంది. అమ్మ ఇంకేం అనలేదు, ఇడ్లీలు వడ్డించడానికి లేచింది.

చివరగా మీ అందరినీ ఒకటి అడగాలి. ‘అభిమానపడు’ అన్న క్రియ మీ ఇళ్లల్లో ఇంకా వినిపిస్తోందా? మా అమ్మమ్మ తర్వాత మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు ‘మొహమాటపడకు’ అంటున్నాం, అది అదే భావం కాదు. వాడేవారుంటే ఏ జిల్లానో, ఏ సందర్భంలో అంటారో ఒక వాక్యం రాయండి.