ఫినాయిల్ మానేసి కుంకుడు నీళ్ళతో ఇల్లు తుడిస్తే సరిపోద్దా?

పర్లాకిమిడి కోడలు:
మా పాపకి తొమ్మిది నెలలు, ఇల్లంతా పాకుతోంది, నేల మీద ఏది దొరికితే అది నోట్లోకే. అందుకని రెండు నెలలుగా నల్ల ఫినాయిల్ మానేసి, రాత్రి పది కుంకుడుకాయలు నానబెట్టి పొద్దున్న ఉడకబెట్టి ఆ నీళ్ళతోనే గదులు తుడుస్తున్నాను, గట్టుకి నిమ్మచెక్క, సింకుకి తినే సోడా మీద వెనిగర్. మా అత్తగారికి ససేమిరా నచ్చట్లేదు. "ఫినాయిల్ వాసన లేకపోతే తుడిచినట్టేటే" అంటారు. మొన్న మార్గశిర లక్ష్మివారం పక్కింటి ఒడియా వాళ్ళు బియ్యప్పిండితో ఝోటి ముగ్గులు వేస్తుంటే చూపించి "వాళ్ళూ లోపల ఫినాయిలే కొడతారు, నువ్వే వింత" అని పొద్దుగూకులూ సణుగుడు. నాది పొరపాటంటారా?

గుణుపురం గుంటడు:
పొరపాటేటప్పా, మంచి పని చేసావు. మా నాయనమ్మ పేడతో ఇల్లు అలికీది, బూడిదతో గిన్నెలు, చింతపండుతో ఇత్తడి బిందెలు తోమీది, ఏనాడూ సీసా కొన్లేదు. ఈ కెమికల్సన్నీ టీవీ యాడ్‌లు చూసి నేర్చుకున్న రోగం. ప్రకృతిలో దొరికినదానితో ఎవరికీ ఏటీ కాదు.

జేపూర్ మాస్టారు:
తమ్ముడూ, చివరి మాట ఒక్కటీ వెనక్కి తీసుకో. మీ నాయనమ్మ అలికింది మట్టి నేల, వీళ్ళది టైల్స్ అయ్యుంటాయి. పచ్చి పేడలో ఈ-కోలి లాంటి బాక్టీరియా ఉంటుంది, పాకే పిల్ల ఉన్న గదిలో వద్దు. పోనీ బూడిద, చింతపండు ఎందుకు పని చేశాయి? బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది, జిడ్డుని పట్టుకుంటుంది. చింతపండులో టార్టారిక్ యాసిడ్, ఇత్తడి మీద మకిలిని కరిగిస్తుంది. అవీ కెమికల్సే, కాకపోతే సీసాలో రాలేదు.
అమ్మా కోడలూ, ఆ సోడా వెనిగర్ కలపడం మాత్రం మానెయ్. బుస్సుమని పొంగితే ఏదో అయిపోతోంది అనిపిస్తుంది, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. ఇదేమో క్షారం, అదేమో ఆమ్లం, ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ళ లాంటిదే. జిడ్డుకి సోడా విడిగా రుద్దు, కుళాయి మీద బోరునీళ్ళ తెల్లచారకి వెనిగర్ విడిగా రాయి. రెండూ భేషుగ్గా పనిచేస్తాయి.

బరంపురం పిన్ని:
నిమ్మచెక్క గురించి నన్నడగండి. మాది నల్ల కడప బండ గట్టు. సంక్రాంతి ముందు ఎవరో చెప్పారని రెండు నిమ్మచెక్కలు బోర్లించి రుద్ది, ఫోనొస్తే అలాగే ఒదిలీసి మాట్లాడుకుంటూ ఉండిపోయాను. వచ్చి తీస్తే రూపాయి బిళ్ళంత గుండ్రటి తెల్లమచ్చలు రెండు, వేలితో తడిమితే అక్కడ నున్నదనం పోయి గరుకు. నూనె రాస్తే కొంచెం కనపడకుండా పోతాయి, ఎండగానే మళ్ళీ ప్రత్యక్షం.
ఇంకోటి, బయో ఎంజైమ్, అదే ఇల్లు తుడవడానికి పులియబెట్టుకునే నీళ్ళు. బెల్లం ఒకటి, నిమ్మతొక్కలు మూడు, నీళ్ళు పది వంతులు, మూడు నెలలు పులియబెట్టాలి. మొదటి నెల రోజూ మూత వదులు చెయ్యాలని తెలిసీ పెళ్ళికెళ్ళి నాలుగురోజులు మర్చిపోయాను, మే నెల ఎండ, సీసా ఢామ్మని పేలి వంటిల్లు సీలింగ్ దాకా తొక్కలే.

జేపూర్ మాస్టారు:
కడప బండ సున్నపురాయి జాతి పిన్నిగారూ, పులుపు తగిలితే కరుగుతుంది. పాలరాయికీ అదే గతి.

నాగావళి గట్టు:
నేను రాయగడలో ల్యాబ్‌లో చేస్తాను, నా బాధ వేరు. మురికి పోవడం ఒకటి, క్రిమి చావడం ఇంకొకటి. రోజూ తుడవడానికి కుంకుడు నీళ్ళు చాలు, నేనూ అదే అంటాను. కానీ ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు అయితే ఆ రోజు కుంకుడు, వెనిగర్ నమ్ముకోకండి. 2022 జులైలో మా జిల్లా కాశీపూర్ వైపు కలరా వచ్చి జనం పోయారు, మర్చిపోయారా? అప్పుడు కావాల్సింది బ్లీచింగ్ పౌడర్, లీటరు నీళ్ళకి 3 గ్రాములు, తాజా పౌడర్, ముందు మురికి తుడిచేసి తర్వాత ఇది రాసి పదినిమిషాలు ఒదిలీసి కడగాలి. అందులో నిమ్మ, వెనిగర్, టాయిలెట్ యాసిడ్ ఏదీ పడకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మా కింద వాటాలో ఒకాయన బాత్రూం తలుపేసుకుని బ్లీచింగూ యాసిడూ రెండూ పోసాడు, దగ్గుకుంటూ మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చాడు, రెండ్రోజులు గొంతు లేదు.

గుణుపురం గుంటడు:
అదిగో, చివరికి భయపెట్టి బ్లీచింగ్ దగ్గరికే తెచ్చారు. రోజూ ఆ ఘాటు పీలిస్తే పిల్ల ఊపిరితిత్తులేటవ్వాలి?

నాగావళి గట్టు:
రోజూ అని నేనెక్కడన్నాను తమ్ముడూ, జబ్బు ఉన్నరోజు అన్నాను. ఘాటు సంగతి ఒప్పుకుంటా, కిటికీలు తెరిచి పిల్లని వేరే గదిలో పెట్టే చెయ్యాలి. నీ "ప్రకృతి" మాటకొస్తే, దేవుడి గూట్లో కర్పూరం కూడా మొదట చెట్టునుంచి వచ్చిందే కదా, పిల్ల ఓ బిళ్ళ మింగితే ఫిట్స్ రావచ్చు. బీరువాలో కలరా ఉండలు మింగినా ప్రమాదమే, తెల్లగా బిళ్ళల్లా ఉంటాయి. నేల దేంతో తుడిచారన్నది కాదమ్మా కోడలూ, ముందు ఫినాయిల్ ఎక్కడ పెట్టారో చూసుకో. సైకిల్ మీద అమ్మేవాడి దగ్గర లూజుగా కొని కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకుంటారు చాలామంది.

పర్లాకిమిడి కోడలు:
ఇది చదివి లేచెళ్ళి చూసాను. సింకు కింద ఆరెంజ్ లేబుల్ ఊడని కూల్‌డ్రింక్ సీసా, సగం ఫినాయిల్, మూత వదులుగా. పాప చెయ్యి అందే ఎత్తే. అత్తగారికి ఫోన్లో ఉన్న ఈ మెసేజ్ చదివి వినిపిస్తే ఏమీ అన్లేదు, ఆవిడే సీసా తీసి అటక మీద పెట్టీసారు. తర్వాత వంటింట్లోకొచ్చి "ఆ కుంకుడు నీళ్ళు మూడోరోజుకి పుల్లటి కంపు కొడుతున్నాయి, ఏ రోజువి ఆ రోజే కాచుకో" అన్నారు.