నాయన మందుల గురించి డాక్టరుగారిని ఎలా అడగాలి? సలహా చెప్పగలరు

ప్రశ్న (మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాయన వయసు 67 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. వాటికి నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తున్నాం. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి అంతకంటే పాతవి. గత నెల రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) 1.9 వచ్చింది. ఏడాది కిందట అది 1.1 మాత్రమే ఉండేది. డాక్టరుగారు రిపోర్టు చూసి, రెండు మందులు మార్చి, కొత్తగా మరో మూడు రాసి, తర్వాతి పేషెంటును పిలిచారు. ఇది ఎందుకు పెరిగింది, ఈ కొత్త గోలీలు దేనికి అని అడిగితే, ‘వైద్యం నేను చేయాలా, నువ్వు చేస్తావా? నమ్మకం లేకపోతే వేరే చోటికి తీసుకుపోండి’ అన్నారు. నాయన నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చి, బస్సు దిగేదాకా ‘పెద్ద డాక్టరును గట్ల అడుగుతరా బిడ్డా’ అని నన్నే కోప్పడ్డాడు.

నాయన నిరుడు రెండు రోజులు అదే ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యాడు. ఆ ఫైలు కూడా వాళ్లు మాకు ఇవ్వలేదు. నేను డిగ్రీ చదివాను గానీ వైద్యం తెలియదు. అడగడం నా తప్పా? అడగవలసిందే అయితే, ఆయనకు కోపం రాకుండా, నాయనకు అవమానంగా అనిపించకుండా ఎలా అడగాలి?

మొదటి జవాబు (రిటైర్డ్ ఫార్మసిస్టు, మహబూబ్‌నగర్)

అమ్మా, అడగడం తప్పు కాదు. అయితే నేను ముందు నిన్ను ఒక మాట అడుగుతాను. మీ నాయన ఆ నొప్పులకు ఏం వాడుతున్నారు? నీ ప్రశ్నలో షుగరు మందులున్నాయి, బీపీ మందులున్నాయి, పాత నొప్పులూ ఉన్నాయి, కానీ నొప్పుల మందు ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా ఏ మందూ లేకుండా ఆ నొప్పులను ఓర్చుకుంటున్నారని నేను నమ్మలేను.

ప్రభుత్వ దవాఖాన మందుల కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చున్నవాడిని. మన పల్లెల్లో మోకాళ్ల నొప్పికి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. తరచుగా అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అవుతుంది, కొన్నిసార్లు దానితో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంటుంది. మొదటిది వారాల తరబడి వాడితే మూత్రపిండాలను దెబ్బతీయగలదు, రెండోది షుగరును పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మందు, నీరు తీసే మందు వాడేవారు వాటిపై నొప్పి గోలీ కూడా వేసుకుంటే ప్రమాదం మరింత ఎక్కువ. షుగరు డాక్టరుకు ఈ సూదుల సంగతి తెలియదు, ఆర్‌ఎంపీకి క్రియాటినిన్ సంగతి తెలియదు, రెండూ తెలిసిన పెద్దమనిషి ఇద్దరి దగ్గరా నోరు విప్పడు.

అందుకే ఇంట్లో ఉన్న మందులన్నీ, సగం వాడిన స్ట్రిప్పులు, చూర్ణాలు, పసర్లతో సహా, ఒక సంచిలో వేసుకొని డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లో ఉండడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. పేరు కాకుండా లోపలి మందు ఏమిటో చదివి చెప్పమని మందుల షాపులోనూ అడగవచ్చు. ఒక్క జాగ్రత్త: ఇది చదివి భయపడి బీపీ, షుగరు గోలీలను మీ అంతట మీరే ఆపివేయకండి.

రెండో జవాబు (ప్రభుత్వ వైద్యుడు, నల్లగొండ)

మా వృత్తిలోని వారు అలా మాట్లాడినందుకు బాధగా ఉంది. పొద్దున ఓపీలో ఒక్కొక్కరికి మాకు దొరికేది కొద్ది నిమిషాలే, అయినా ‘ఈ మందు దేనికి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం మా పనిలో భాగమే. మీ వైపు నుంచి ఒకటి చేయవచ్చు. అడగదలచుకున్నవి రెండో మూడో కాగితం మీద రాసుకొని, లోపలికి రాగానే చెప్పండి. చీటీ రాసి లేచే సమయంలో అడిగిన ప్రశ్న మాకు అభ్యంతరంలా వినిపిస్తుంది, ముందే అడిగితే అదే ప్రశ్న సమాచారంలా వినిపిస్తుంది. ఈ మందు దేనికి, ఎన్నాళ్లు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్నవి తెలుసుకొని, మీకు అర్థమైనది తిరిగి మాకు చెప్పి చూడండి. మేము చెప్పడంలో తప్పు జరిగితే అక్కడే బయటపడుతుంది.

మీది మర్రిగూడ మండలం అన్నారు కాబట్టి, బహుశా ఎవరూ అడగని మరో సంగతి. మీ నాయన ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు? తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు, మీ ప్రాంతపు భూగర్భజలాల్లో ఎన్నో చోట్ల అది ఆ హద్దు దాటింది. దానివల్ల వచ్చే ఎముకల జబ్బు మోకాళ్ల వాతంలాగే కనిపిస్తుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే ఫ్లోరైడు బయటికి పోక శరీరంలోనే నిలిచిపోతుంది. మరో జిల్లా నుంచి వచ్చిన వైద్యుడికి మీ ఊరి పేరు వినగానే ఇది తట్టకపోవచ్చు, కాబట్టి మీరే చెప్పాలి.

ఫైలు విషయంలో సంకోచం వద్దు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తేదీ వేసి, రాతపూర్వకంగా అడిగి, మీ ప్రతి మీద వారి సంతకం తీసుకోండి.

మూడో జవాబు (అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా)

అక్కా, మా అమ్మకు నలభై మూడేళ్లప్పుడు రక్తస్రావం ఎక్కువవుతోందని వెళితే, ఒక ఆసుపత్రిలో ఆ రోజే గర్భసంచి తీసేయాలన్నారు. మా నాన్న సంతకం పెట్టబోతుంటే నేను ఆపి, ఇది ఈ రోజే చేయకపోతే ప్రాణానికి ముప్పా అని అడిగాను. కాదన్నారు. మర్నాడు రిపోర్టులు పట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రిలో మరో డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె ముందు మందులతో ప్రయత్నిద్దామన్నారు, అవి పనిచేశాయి. అందరికీ అలా జరుగుతుందని నేను అనను, ఆపరేషన్ నిజంగా అవసరమైన వారూ ఉంటారు.

సంతకం ఎవరిదన్నది కూడా చూసుకోవాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి తీసివేయడం సమ్మతి కిందికి రాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె స్పృహలోకి వచ్చేదాకా ఆగి ఉండవలసిందని చెప్పింది. మన ఇళ్లలో ఆడవాళ్ల తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టేస్తుంటారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను. మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ ఉంది, అది మొదటి డాక్టరుకు చేసే ద్రోహం కాదు.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

ఫార్మసిస్టు గారూ, మీరు అడిగిన మాటే నాయనను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, రెండేళ్లుగా వారానికోసారి ఊళ్లో సూది వేయించుకుంటున్నాడట. డాక్టరుగారు తిడతారని ఆయనకు, బాధపడతానని నాకు చెప్పలేదట. నేను ఆ రోజు నా ప్రశ్నల గురించే ఆలోచించాను గానీ, నాయన దాచుకున్న మాట సంగతి నాకు తట్టలేదు.

నిన్న సంచితో అదే ఆసుపత్రికి వెళ్లాం. ప్రశ్నల కాగితం ముందే ఇచ్చి, సూదుల సంగతి, బోరు నీళ్ల సంగతి చెప్పాను. డాక్టరుగారు కాసేపు ఏమీ అనకుండా స్ట్రిప్పులన్నీ తిరగేసి చూసి, రెండు గోలీలు కొట్టివేసి, సూదులు పూర్తిగా మానాలని, నాలుగు వారాల్లో క్రియాటినిన్ మళ్లీ చూద్దామని చెప్పారు. నొప్పికి వేరే మందు రాసి, అది దేనికో, రోజుకు ఎంతకు మించకూడదో నాయన వైపు చూస్తూ వివరించారు. ఫైలు కోసం అర్జీ ఇచ్చి, సంతకం తీసుకొచ్చాను. తిరుగు బస్సులో నాయన ఆ కాగితం ఇమ్మని అడిగాడు. వచ్చేసారి అడగడానికి ఆయన దగ్గర కూడా రెండు ప్రశ్నలున్నాయట, నన్ను రాయమన్నాడు.